యాకోబు ఎక్కిన బండ్లు

పఠన భాగము: ఆదికాండము 45:16–28, 46:1–7, 28–34



పత్తి ఏరుట ముగిసి, మిరప కల్లములు ఎత్తివేసి, పిల్లల పరీక్షలు దగ్గరపడు దినములలో మన రేగొండ చుట్టుప్రక్కల ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడును. “ఈ యేడు పోదామా, వద్దా?” అనునదే ఆ మాట. కొందరికి హైదరాబాదులో కట్టడపు పని కలదు. కొందరి బంధువులు సూరతులోను, భివండిలోను మగ్గముల యొద్ద నున్నారు. కొందరు పిల్లల చదువు నిమిత్తము హనుమకొండకు మారవలెనని యోచించుచున్నారు. ఒక్కరు వెళ్లి నాలుగు నెలలకు తిరిగి వచ్చుట వేరు; మంచము, కుంచము, ముసలివారు, పసిపిల్లలు సహా ఇల్లంతయు కదలుట వేరు. ఇల్లు కదలుటను గూర్చి దేవుని వాక్యము ఏమి నేర్పుచున్నదో ఈ నెల మనము ధ్యానించుదము.

ఈ విషయమున మనలో రెండు విధములైన తప్పు తలంపులు కలవు. కొందరు “దేవుడే చూచుకొనును” అని చెప్పి, చేయవలసిన యోచన చేయక, రాత్రికి రాత్రి మూట కట్టుదురు. ఇది విశ్వాసము వలె కనబడును గాని, విశ్వాసము కాదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని మన ప్రభువే చెప్పెను (లూకా 14:28). మరికొందరు అంతయు లెక్కవేసికొందురు గాని, ఆ లెక్కలో దేవునికి చోటుండదు. ఫలాని పట్టణమునకు పోయి, ఒక యేడుండి, ఇంత సంపాదించెదమని చెప్పుకొనువారిని యాకోబు తన పత్రికలో గద్దించెను (యాకోబు 4:13–15). యోచన చేయుట తప్పని ఆయన చెప్పలేదు. రేపటి దినము మన చేతిలో నున్నట్లు మాటలాడుటయే తప్పని చెప్పెను. యోచనలేని ప్రార్థన, ప్రార్థనలేని యోచన, రెండును కుంటివే.

ఈ రెంటిని జతపరచిన మంచి మాదిరి పితరుడైన యాకోబు ఐగుప్తునకు వెళ్లిన ప్రయాణములో మనకు కనబడుచున్నది. కనాను దేశమున కరవు. రెండేండ్లు గడచెను, ఇంక అయిదేండ్లు మిగిలియుండెను. కుటుంబమంతయు డెబ్బదిమంది. ఇంటి పెద్ద వయస్సు 130 సంవత్సరములు. ఇంత కుటుంబము కదలవలెననిన ఎంత పని! దానిని వారు ఎట్లు జరిగించిరో వరుసగా చూతము.

1. వెళ్లుటకు ముందు బెయేర్షెబా యొద్ద ఆగవలెను

కుమారుడు బ్రదికియున్నాడని విని, ఫరో పంపిన బండ్లు చూచి, ముసలివాని ప్రాణము తెప్పరిల్లెను. అయినను అతడు తిన్నగా ఐగుప్తునకు పోలేదు. దేశపు దక్షిణపు అంచుననున్న బెయేర్షెబాలో ఆగి, తన తండ్రియైన ఇస్సాకు దేవునికి బలులు అర్పించెను. ఆ రాత్రి దేవుడు అతనితో మాటలాడి, భయపడవద్దని ధైర్యము చెప్పెను. పూర్వము కరవు వచ్చినప్పుడు ఇస్సాకును ఐగుప్తునకు వెళ్లవద్దని ఆపిన దేవుడే (ఆదికాండము 26:2) ఇప్పుడు యాకోబును వెళ్లుమనుచున్నాడు. కనుక తండ్రికి వచ్చిన ఉత్తరువు కుమారునికి సరిపోదు. పొరుగువానికి కలిసివచ్చినది మనకు కలిసివచ్చునను నియమము లేదు. ఎవరికి వారు దేవునియొద్ద అడుగవలెను.

అడుగునప్పుడు “మేము ఎందుకు వెళ్లుచున్నాము?” అని మనలను మనమే ప్రశ్నించుకొందము. లోతు కన్నులెత్తి చూచెను. యొర్దాను మైదానము నీళ్లు పారు తోట వలె నుండెను. ఆ నీళ్లను చూచెనే గాని ఆ ఊరివారి నడతను చూడలేదు (ఆదికాండము 13:10–13). ఎలీమెలెకు బేత్లెహేమును విడిచి మోయాబునకు పోయెను; పదేండ్లలో ఆ ఇంట మగదిక్కు లేకపోయెను (రూతు 1:1–5). వెళ్లినవారందరికి ఇట్లే జరుగునని మేము చెప్పుట లేదు. ఆకలి వలన వెళ్లుట పాపము కాదు. అయితే అప్పులవారికి మొగము చాటువేయుటకు వెళ్లుచున్నామా? అన్నదమ్ములతో గెట్టు తగాదా వలన వెళ్లుచున్నామా? ప్రక్కింటివారు స్లాబు ఇల్లు వేసినారు గనుక వెళ్లుచున్నామా? భార్య మనస్సున ఏమున్నదో అడిగితిమా? ఇవి మూట కట్టకముందు అడుగవలసిన ప్రశ్నలు. ఏలయనగా తగాదా మూటతోపాటు ప్రయాణము చేయును. మార్గమున కలహపడవద్దని యోసేపు తన అన్నలను ముందుగానే హెచ్చరించెను గదా (ఆదికాండము 45:24).

2. యూదాను ముందుగా పంపవలెను

యాకోబు డెబ్బదిమందిని ఒక్కసారి పరదేశపు వీధిలో దింపలేదు. గోషెనునకు త్రోవ చూపుటకై యూదాను యోసేపు నొద్దకు ముందుగా పంపెను (46:28). అంతకు మునుపే కుమారులు ధాన్యము కొరకు రెండు మారులు ఆ దేశమునకు పోయి వచ్చియుండిరి. అనగా త్రోవ తెలిసినది, అచ్చటి మనిషి తెలిసినవాడు, దిగవలసిన స్థలము తెలిసినది.

మన జిల్లాల పొరుగుననే ఇట్టి మాదిరి ఒకటి కలదు. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలు పేరు వినని క్రైస్తవుడు మనలో లేడు. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో తమ సొంత మిషనెరీ సంఘమును స్థాపించి, మొదట పనివారిని ఈ తెలుగు ప్రాంతమునకు పంపిరి. అటు తరువాతనే వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శి పదవిని విడిచి డోర్నకలునకు వచ్చిరి. అప్పుడది నిజాము రాజ్యములోనిది. ఆయన మాతృభాష తమిళము. ఇచ్చటి భాష వేరు, కూడు వేరు, రాజు వేరు. ఆయన తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషపుగా అభిషేకము పొందిరి; ఆంగ్లికను సంఘములో భారతీయులలో మొదటి బిషపు ఆయనయే. పరదేశమున కాలు మోపువాడు తన పెట్టెలో వేసికొనవలసిన మొదటి వస్తువు ఆ దేశపు భాషయని ఆయన జీవితము మనకు నేర్పుచున్నది. సూరతునకు పోవువాడు బయలుదేరక మునుపే నాలుగు గుజరాతీ మాటలు, భివండికి పోవువాడు నాలుగు హిందీ, మరాఠీ మాటలు నేర్చుకొనినయెడల అంగడిలో మోసపోడు, ఆసుపత్రిలో మూగవాడు కాడు.

కనుక ఇంటిలో సమర్థుడైన యొకడు ముందు వెళ్లి రావలెను. పని యేది, కూలి దినమునకా నెలకా, చేతికెవరు ఇత్తురు? గది ఎంత, నీళ్లు ఎప్పుడు వచ్చును, మరుగుదొడ్డి కలదా? బడి ఎంత దూరము, ఏ భాషలో చెప్పుదురు? ఆసుపత్రి యెక్కడ? ఆరాధన జరుగు స్థలము కలదా? ఈ సంగతులు కన్నులార చూచి వచ్చినవాని మాట నమ్మదగినది. మేస్త్రీ నోటి మాట, ఫోనులో చూపిన బొమ్మ, ఇవి చాలవు.

3. తూచి అప్పగింపవలెను, తూచి తీసికొనవలెను

బబులోనునుండి యెరూషలేమునకు కుటుంబములను తోడుకొని వచ్చిన ఎజ్రా ప్రయాణము నాలుగు నెలలు పట్టెను (ఎజ్రా 7:9). అతడు అహవా నది యొద్ద మూడు దినములు మకాము చేసి, వచ్చినవారిని లెక్కించి, లేవీయులు లేకుండుట కనుగొని, వారికై కబురు పంపెను. ఉపవాసముండి ప్రార్థించెను. పిమ్మట వెండి బంగారములను తూచి పన్నెండుమంది యాజకుల చేతికిచ్చెను. యెరూషలేము చేరిన నాలుగవ దినమున వాటిని మరల తూచి అప్పగించిరి (ఎజ్రా 8). ప్రార్థన చేసిన చేతులే త్రాసు పట్టెను. దీనిని మనము మరువరాదు.

మన ఇండ్లలో తూచవలసినది మొదట సంపాదనయే. ఉదాహరణకు, పట్టణములో నెలకు 18,000 రూపాయలు వచ్చునని యనుకొందము. గది కిరాయి 5,000, తిండికి 7,000, కరెంటు, ఫోను, బస్సు ఖర్చు 2,000, పిల్లల చదువునకు 1,000, మందులకు 1,000. మిగులునది 2,000. ఊరిలో 60,000 అప్పు ఉన్నయెడల, వడ్డీ లేదనుకొనినను అది తీరుటకు 30 నెలలు పట్టును. ఈ లెక్కలో ఇంటికి పంపవలసిన సొమ్ము లేదు, జ్వరమునకు చోటు లేదు, పని దొరకని వారము లేదు. గది పట్టుటకు ముందే ఇయ్యవలసిన అడ్వాన్సు, సామాను తెచ్చిన వ్యాను కిరాయి, మొదటి కూలి చేతికి వచ్చువరకు తినవలసిన తిండి, వీటికి వేరుగా సొమ్ము కావలెను. ఆ సొమ్ము చేత లేనిదే బయలుదేరువాడు మొదటి నెలలోనే మరియొక అప్పున పడును.

మేస్త్రీ ఇచ్చు అడ్వాన్సును గూర్చి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలెను. అది బహుమానము కాదు, అప్పు. ఎంత తీసికొంటిమో, ఏ కూలిలో ఎంత విరుగగొట్టుదురో కాగితముపై వ్రాయించుకొని, చదువువచ్చిన పిల్లలచేత చదివించి వినవలెను. అప్పు తీరలేదని మనిషిని కదలనీయక పని చేయించుకొనుట మన దేశములో 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము నేరము. ఐగుప్తులో యాకోబు సంతతివారు మొదట అతిథులుగా నుండిరి. యోసేపును ఎరుగని రాజు వచ్చినప్పుడు దాసులైరి. చేతిలో కాగితము లేనివానికి రాజు మారినప్పుడు దిక్కుండదు.

కాగితములను గూర్చి యిర్మీయా చేసిన పని చూడుడి. పొలము కొనిన క్రయపత్రములను మంటికుండలో పెట్టించి, బహు దినములు చెడకుండునట్లు చేసెను (యిర్మీయా 32:14). మనకు మంటికుండకు బదులు రేకు పెట్టె చాలును. పట్టాదారు పాసు పుస్తకము, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకము, కుల ధృవపత్రము, జనన పత్రములు, పిల్లల టీకాల కార్డు, డాక్టరు చీటీలు ఒక్కచోట చేర్చి, వాటి నకళ్లు తీయించి, ఒక జత ఊరిలో నమ్మకమైనవారి యొద్ద ఉంచవలెను. భూమి కౌలుకిచ్చినయెడల ఎవరికి, ఎంతకు, ఎన్నాళ్లకు అను సంగతి ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసికొనవలెను. గ్యాసు కనెక్షను ఆఫీసులో అప్పగించి, వారిచ్చు కాగితము తీసికొనినయెడల క్రొత్త ఊరిలో మరల పొందవచ్చును.

సామాను విషయమున ఫరో చెప్పిన మాట గమనింపదగినది. సామగ్రిని లక్ష్యపెట్టవద్దని అతడు చెప్పెను (45:20). పాత బీరువాను మోసిన కిరాయితో అక్కడ క్రొత్తదే వచ్చును. అయితే బియ్యము, కారము, పచ్చడి జాడి, దుప్పట్లు, వంట గిన్నెలు మొదటి నెలకు అన్నము పెట్టును. వీటిని విడువవద్దు.

4. బండ్లు ముసలివారికొరకు, పిల్లలకొరకు

ఫరో బండ్లను ఎవరికొరకు పంపెను? వెండికొరకు కాదు, ధాన్యముకొరకు కాదు. పిల్లల కొరకు, స్త్రీల కొరకు, ముసలి తండ్రి కొరకు పంపెను (45:19). ప్రయాణపు యోచనలో నడువలేనివారిని మొదట తలచుకొనవలెను.

చదువు నడిమిలో నున్నప్పుడు ఇల్లు కదలింపవద్దు. వార్షిక పరీక్షలు ముగిసి, వేసవి సెలవులలో కదలినయెడల జూన్ నెలలో క్రొత్త బడిలో చేర్చవచ్చును. బదిలీ పత్రము వెంటనే ఇయ్యవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అది రాలేదను నెపమున ఎనిమిదవ తరగతి వరకు ఏ ప్రభుత్వ పాఠశాలయు పిల్లవానిని త్రిప్పి పంపరాదు. భాష మారుచోట పదవ తరగతి చదువు బిడ్డను వసతి గృహములోనో, తాతయ్య యింటనో ఉంచి ఆ ఒక్క యేడు పూర్తి చేయించుట మేలు. రేషను విషయమునను సహాయము కలదు. 2013 నాటి ఆహార భద్రత చట్టము క్రింద ఇచ్చిన కార్డుపై ఇతర రాష్ట్రములోనైనను బియ్యము, గోధుమలు తీసికొను ఏర్పాటు 2022 నాటికి అన్ని రాష్ట్రములకు వ్యాపించెను. మన కార్డు ఆ చట్టము క్రిందిదేనా యని వెళ్లకముందే డీలరు నొద్ద అడిగి తెలిసికొనుడి.

ఇక ముసలివారి మాట. ప్రియులారా, ఇది కఠినమైన సంగతి. “అమ్మ ఇక్కడనే యుండును, మేము డబ్బు పంపెదము” అని చెప్పి వెళ్లుదుము. డబ్బు వచ్చును, అయితే పింఛను దినమున ఆమెను తోడుకొనిపోవునదెవరు? రాత్రి ఆయాసము వచ్చినప్పుడు తలుపు తట్టునదెవరు? వారిని వెంట తీసికొనిపోవుట కుదిరినచో తీసికొనిపోవుడి, బి.పి., చక్కెర మాత్రలు ఒక నెలకు సరిపడ ముందే కొనియుంచుడి. వారు రాలేనియెడల, రానొల్లనియెడల, ఎవరు చూచుకొందురో పేరు పెట్టి నిర్ణయించి, వారి చేతికి ఖర్చిచ్చి, ఆ మాట సంఘ పెద్దలకు తెలియజేసి వెళ్లుడి. యాకోబు తన మరణమును గూర్చి సహితము సిగ్గుపడక మాటలాడెను. తన్ను తన పితరుల సమాధిలో పాతిపెట్టవలెనని యోసేపుచేత ప్రమాణము చేయించెను (47:29–31). ముసలివారి కోరికను బ్రదికియుండగా అడిగి తెలిసికొనుట అపశకునము కాదు, అది గౌరవము.

5. సంఘపు పత్రిక లేకుండ వెళ్లరాదు

పౌలు ఫీబే అను సహోదరిని రోమా సంఘమునకు అప్పగించుచు, ఆమెను చేర్చుకొని సహాయము చేయుడని వ్రాసెను (రోమా 16:1–2). మనమును అట్టి పత్రిక వ్రాసి ఇయ్యగలము. కాపరి నొద్దకు వచ్చి, వెళ్లుచున్నామని చెప్పి, ప్రార్థన చేయించుకొని, బాప్తిస్మము వివాహము వివరములు గల సంఘ పత్రికను తీసికొనుడి. చెప్పకుండ వెళ్లినవారి పేరు పుస్తకములో మిగిలిపోవును గాని మనిషి రెండు సంఘములలోను ఉండడు.

మన తెలుగువారు పూర్వము ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు చెరకు తోటలకు, తేయాకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిరి. వారిలో బాప్తిస్టు విశ్వాసులు కొందరు ప్రార్థన మానక, తమకు కాపరి కావలెనని స్వదేశమునకు వర్తమానము పంపిరి. వారి నిమిత్తము 1903లో నెల్లూరు ప్రాంతమునుండి జాన్ రంగయ్య గారు సముద్రము దాటి వెళ్లి, అచ్చట తెలుగు సంఘములను కట్టిరి. వెళ్లినవారు కూలీలే; అయినను వారి గుడిసెలలో నిలిచిన ప్రార్థన ఒక సంఘమాయెను. అకుల ప్రిస్కిల్లలును గుడారములు కుట్టుకొని బ్రదికినవారే. రోమానుండి కొరింథునకు, అచ్చటనుండి ఎఫెసునకు ఇల్లు మార్చిరి. ఎక్కడ దిగిన అక్కడ వారి యింట సంఘము కూడెను (1 కొరింథీయులకు 16:19). భివండిలో ఒక చిన్న గది దొరికినయెడల, ఆ గదిలో ఆదివారపు సాయంకాలము నలుగురు తెలుగువారు మోకరించుటకు చోటుండదా?

6. అక్కడ నాటవలెను, ఇక్కడ తలుపు తెరచియుంచవలెను

బబులోనులో నున్నవారికి ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణ క్షేమము కోరుడి యని దేవుడు చెప్పి పంపెను (యిర్మీయా 29:5–7). కనుక వెళ్లినచోట పరాయివారివలె గొణుగుచు బ్రదుకరాదు. అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకలులోనే కన్నుమూసిరి. ఆయన ఎముకలు తిరునెల్వేలికి పోలేదు, మన మంటిలోనే యున్నవి. 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయము పరదేశమును సొంత ఇల్లు చేసికొనినవాని గురుతు.

అయినను తిరుగు దారిని మూసివేయరాదు. 2020 మార్చి నెలలో దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు పనులు ఆగెను, కిరాయిలు ఆగలేదు. బిడ్డలను భుజముపై మోసికొని ఎందరో రహదారుల వెంట నడచిరి. వలస కూలీలకొరకు మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న మన రాష్ట్రములోని లింగంపల్లినుండి జార్ఖండునకు బయలుదేరెను. ఆ దినములను మరచినవాడు బుద్ధిమంతుడు కాడు. ఇంటిల్లిపాది తిరిగివచ్చుటకు సరిపడు టికెట్టు సొమ్ము, ఒక నెల తిండి సొమ్ము, ముట్టకుండ బ్యాంకులో ఉండవలెను. ఊరి ఇంటిని, పొలమును తొందరపడి అమ్మివేయవద్దు. కాలము మారవచ్చును. దూరమునకు పోయిన నేతపనివారు తిరిగి రావలెనను ఆశతోనే 2017లో వరంగల్లు ప్రక్కన కాకతీయ మెగా వస్త్ర పార్కునకు శంకుస్థాపన చేసిరి.

ఊరిలో మిగిలిన మనకును పని కలదు. తాళము వేసిన ఇంటి ముందు నడచునప్పుడు ఆ ఇంటివారి పేరు పెట్టి ప్రార్థింతము. వారి ముసలివారి తలుపు తట్టుదము. మరియు సింగరేణి గనుల నిమిత్తము, చెల్పూరు విద్యుత్ కేంద్రము నిమిత్తము భూపాలపల్లి ప్రాంతమునకు దూరమునుండి కుటుంబములు వచ్చుచున్నవి. వారికి గది చూపుటయు, బడి చూపుటయు, ఆదివారమున మన చాపపై చోటిచ్చుటయు మన వంతు. మన పిల్లలను పరదేశమున ఎవరు చేర్చుకొనవలెనని కోరుదుమో, అట్టివారముగా మనమిచ్చట ఉందము.

చివరగా ఒక్క మాట. ఈ నెలాఖరులోగా వెళ్లదలచిన కుటుంబములు ఒక సాయంకాలము అందరును, పిల్లలతో కూడ, దీపము దగ్గర కూర్చుండవలెను. ఒక కాగితముపై ఒక ప్రక్క వెళ్లుటకు కారణములు, రెండవ ప్రక్క ఖర్చు వ్రాయవలెను. ఆ కాగితమును నడుమ పెట్టుకొని మోకరింపవలెను. వెళ్లుమని శాంతి కలిగినయెడల, తేది నిర్ణయించి ఒకరిని ముందు పంపుడి. శాంతి లేనియెడల, ఇంకొక పంట వరకు ఆగుడి. ఆగుటయు ఒక విధేయతయే.

ప్రార్థన: మా పితరులకు త్రోవ చూపిన దేవా, వెళ్లువారితో వెళ్లుము, నిలుచువారితో నిలువుము. మా లెక్కలలో సత్యమును, మా ప్రయాణములలో సమాధానమును దయచేయుము. మా ముసలివారిని, మా పిల్లలను నీ చేతుల బండిలో మోయుము. ఏ ఊర దిగినను నీవు మాకంటె ముందే అచ్చట నున్నావని ఎరుగునట్లు చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.